బదులు పాటలు

"ఇంకో మడత వెయ్యమ్మా. లైనింగు గుడ్డ పల్చన. సందులోంచి కనపడుతుంది" అంది పిడుగు.

"మూడు వేశానే. ఇంకోటి వేస్తే మీ నాన్నకి ఊపిరాడదు."

"ముక్కు వదిలేసి కట్టు."

దర్జీ కుట్టుమిషను ముందు తన స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు. కోటు లోపల వేసే నల్ల గుడ్డ కళ్ళ మీద నాలుగో మడత పడింది. ముప్ఫై ఏళ్ళుగా కూర్చున్న గది అది. ఏ సూది ఎక్కడుందో తెలుసు. కళ్ళు కట్టేసరికి ఆ గదే పరాయి ఇల్లయింది.

"గానుగెద్దుకి కడతారు ఇలా." గుమ్మం పక్క కుర్చీలోంచి అక్క గొంతు వచ్చింది. "ఎద్దుకైనా తిప్పినందుకు గడ్డి వేస్తారు. నీకేం వేస్తారురా తమ్ముడూ?"

"పందెం ఒప్పుకున్నాను అక్కా."

"ఎవరు ఒప్పుకోమన్నారు?"

ఎవరూ అనలేదు. నోటిదూల.

పోయిన ఆదివారం చర్చిలో ఒక ఫొటో ఫోన్ల మీదుగా ముందు బల్ల నుంచి వెనక బల్ల దాకా పాకింది. ముఖానికి సున్నం కొట్టినట్టు తెల్లరంగు, కళ్ళ చుట్టూ మసి, ఒంటి మీద నల్ల అంగీ. ఏదో రాక్ కచేరీ, చుట్టూ అలాంటి వేషాలే వెయ్యి. మధ్యలో నోరు తెరిచి అరుస్తున్నది ఆ చర్చిలో ఆర్గన్ వాయించే పిల్ల. ఇంట్లో పిడుగు అంటారు. దర్జీకి ఒక్కగానొక్క కూతురు.

అందరూ ముఖం చూశారు. దర్జీ అంగీ చూశాడు. వెనక పెట్టె కుచ్చు, చేతుల దగ్గర వెడల్పు, మెడ కింద రెండు వేళ్ళ పట్టీ. క్వాయరు పిల్లలకి తను కుట్టే అంగీయే. గుడ్డ రంగు మారింది, కత్తిరింపు మారలేదు. తన నమూనా కాగితం పరిచే కోసింది.

కమిటీ కూర్చుంది. ఆ పాటలూ ఆ వేషాలూ మానేశానని వచ్చే ఆదివారంలోగా పిడుగు ఉత్తరం రాసివ్వాలి. లేకపోతే ఆర్గన్ ముందు ఇంకొకరు కూర్చుంటారు.

పదకొండో ఏట ఎక్కిన బల్ల అది. ఇప్పుడు పంతొమ్మిది. వచ్చే నెలలో సంగీత కళాశాల ప్రవేశ పరీక్ష. కాళ్ళతో కూడా వాయించే ఆర్గన్ ఊళ్ళో అదొక్కటే. అది పోతే పరీక్షా పోయినట్టే. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కమిటీకీ తెలుసు. తెలిసే ఆ షరతు పెట్టింది.

అక్క ఆ కమిటీలో మనిషి. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి దిగిపోయింది. రోగం కనపడితే ఊరుకోదు. నిన్న ఒక కాగితం పట్టుకొచ్చింది. కాగితం మధ్య నిలువు గీత. ఎడమ పక్క పిడుగు వినే బ్యాండ్ల పేర్లు: ముసుగుల వాళ్ళు, కొమ్ముల వాళ్ళు, శవపేటికలోంచి లేచొచ్చి పాడేవాడు. కుడి పక్క, వాళ్ళకి బదులు వినదగిన క్రైస్తవ బ్యాండ్లు. అవే గిటార్లు, అదే మోత, అదే అరుపు. మాటలు మాత్రం దేవుడివి. ఎవరో పుణ్యాత్ములు ఇంటర్నెట్టులో పెడితే అక్క చూసి రాసుకుంది.

"ఒక మాత్ర పడని రోగికి ఇంకో మాత్ర ఇస్తాం. ఇదీ అంతే" అంది నిన్న భోజనాల దగ్గర.

"ఆ రెండు మాత్రలకీ తేడా నీకు తెలుసా అత్తా? ఈ ఇంట్లో ఎవరికైనా తెలుసా? కాగితం చూడకుండా చెప్పండి. చెబితే మానేస్తాను" అంది పిడుగు.

అక్కడ ఊరుకుంటే పోయేది. "ఏ గుడ్డ ఏ మిల్లుదో కళ్ళు మూసుకుని చెబుతాను. పాటెంత?" అన్నాడు దర్జీ.

కూతురు ఆ మాట కొంగుకి ముడేసుకుంది.

పది పాటలు. పదీ సరిగ్గా చెబితే ఉత్తరం రాసిస్తుంది. శనివారం ముసుగుల వాళ్ళ కచేరీకి వెళ్ళదు. ఒక్కటి తప్పినా వెళ్తుంది. ఆమె పాటల గురించి ఈ ఇంట్లో ఇంకెవరూ నోరెత్తకూడదు.

"ఎన్ని మనవి, ఎన్ని వాళ్ళవి?" అడిగాడు దర్జీ.

"చెప్పను. చెబితే లెక్కేస్తావు. అత్తా, కాగితం నీ దగ్గరే ఉంచుకో. పాట పెట్టగానే పేరు నీకు చూపిస్తాను. ఏ పక్కనుందో నువ్వు చూసుకో. మాట్లాడకు."

"నాకేం పని మాట్లాడ్డానికి?"

తల్లి కోత బల్ల దగ్గర నిలబడింది. చేతిలో గుడ్డ మీద గీసే సుద్దముక్క. సరైతే గీత, తప్పితే సున్నా.

మొదటి పాటలో గంట మోగింది. గాలి వీచింది. ఎక్కడో తలుపు కిర్రుమంది. ఆ తర్వాత పది రోకళ్ళు ఒక్కసారి పడ్డట్టు మోత. మోత మీద ఒక మగ గొంతు, చేపముల్లు ఇరుక్కున్నవాడిలా.

"ప్రభువా!" అంది అక్క.

"అత్తా!"

"నోరు జారిందే."

దర్జీకి ఒక్క మాట అర్థం కాలేదు. ఆ భాష వచ్చినవాళ్ళకీ అర్థం కాదని పిడుగే ఒకసారి చెప్పింది. మాటలు కాకపోతే ఏది వినాలి? బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే రాసుకున్నాయి. గుడ్డ నాణ్యం చూసేటప్పటి అలవాటు.

"వాళ్ళది" అన్నాడు.

బల్ల మీద సుద్ద గీసిన చప్పుడు.

"గంటలు కొట్టి మొదలుపెడితే ఎవరైనా చెబుతారు" అంది పిడుగు.

రెండోది మరీ ఘోరం. మనిషి గొంతో, రంపమో తెలియలేదు. అక్క కుర్చీ చప్పుడైంది.

"ఛీ ఛీ. సాతాను గొంతు. దీనికి గంతలు కూడానా?"

దర్జీ వేళ్ళు రాసుకుంటూనే ఉన్నాయి. ఒకచోట మోత ఆగి మళ్ళీ మొదలైంది. అక్కడ ఏదో తగిలింది. గుడ్డలో ఒక పోగు మందంగా ఉంటే తగిలినట్టు. దానికి పేరు పెట్టలేకపోయాడు. కానీ తగిలింది.

"మనది."

"ఏడిశావు" అంది అక్క.

కాగితం గరగరలాడింది.

"అత్తా, ఏ పక్కనుంది?"

"కుడి పక్కన."

"ఎవరి గొంతన్నావు ఇందాక?"

"స్తోత్రం" అంది అక్క నీరసంగా.

తల్లికి దగ్గు వచ్చింది. అది దగ్గు కాదని ముగ్గురికీ తెలుసు.

మూడోది ఆడగొంతు. తల్లికి నచ్చింది. "ఇదేదో బాగుందే, నిద్ర పట్టేలా ఉంది" అంది. దర్జీ మనదన్నాడు. గీత. నాలుగోదానికి వాళ్ళదన్నాడు. గీత. అయిదోదానికి పల్లవి కూడా రానివ్వలేదు. "మనది."

"నాన్నా, నీకు కనపడుతోంది."

"ఏం కనపడుతుందే? పాటకి కళ్ళూ ముక్కూ ఉంటాయా?"

"అయితే అమ్మ సైగ చేస్తోంది."

"గంతలవాడికి సైగేంటే, పిచ్చిమొహమా?" అంది తల్లి.

అప్పుడు మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

"ఏంటి మాస్టారూ, కళ్ళకలకా?"

సిటీ బస్సు డ్రైవరు. యూనిఫాం కోటు కోసం వచ్చాడు. జవాబు కోసం ఆగకుండా గది అంతా చూసినట్టున్నాడు. "అమ్మో, నర్సమ్మగారు కూడా ఉన్నారు. ఆపరేషనేమో."

"నోరు మూసుకుని కోటు తీసుకెళ్ళు" అంది నర్సమ్మగారు.

"నా కోటు ఇలా గంతలు కట్టుకునే కుట్టారా మాస్టారూ?"

"వేసుకుని చూడు" అన్నాడు దర్జీ.

అది డ్రైవరు వాళ్ళ అన్నయ్య కోటు. అన్న ఆరడుగుల మనిషి. ఇతను అయిదడుగుల నాలుగు. భుజాలు విప్పి, చేతులు కుదించి, వెనక మధ్య కుట్టు లోపలికి తీసి మూడు రోజులు దాని మీద కూర్చున్నాడు దర్జీ.

"అచ్చు నా కోసమే కుట్టినట్టుంది. అన్నదంటే ఎవరూ నమ్మరు."

"ఇలా రా."

డ్రైవరు దగ్గరికి వచ్చాడు. దర్జీ చెయ్యి చాపి భుజం తడిమాడు. బొటనవేలి కింద పాత కుట్టు ఊడదీసిన చుక్కల వరస. ఇస్త్రీ ఎంత చేసినా పోదు. కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది. జేబు కూడా రెండు వేళ్ళు కిందికి ఉంది. కోటు కుదించవచ్చు. జేబుని ఎక్కడికి తీసుకుపోతాడు?

దర్జీ చెయ్యి భుజం మీదే ఆగిపోయింది.

"ఏమైంది మాస్టారూ?"

"ఏం లేదు. వెళ్ళు."

బూట్లు మెట్లు దిగిపోయాయి. దర్జీ అలాగే కూర్చున్నాడు. రెండో పాటలో తగిలినదేమిటో తెలిసింది. అయిదో పాటలో ఎందుకంత తొందరగా తెలిసిపోయిందో తెలిసింది.

ఎవరికో కొలిచి కుట్టిన కోటు అది. దాన్ని తెచ్చుకుని, భుజాలు విప్పి, దేవుడికి సరిచేశారు. పాట ఎక్కడ ఎగరాలో అక్కడే ఎగురుతోంది, ఎక్కడ పడాలో అక్కడే పడుతోంది. జేబు మాత్రం రెండు వేళ్ళు కిందికి ఉంది. అవతలివాళ్ళది పిచ్చి కోటే. పుర్రెలూ కొమ్ములూ కుట్టిన కోటు. కానీ వాళ్ళ ఒంటికి వాళ్ళు కుట్టుకున్నది.

అందుకే తను గెలుస్తున్నాడు. మనవాళ్ళ పని బాగా లేదు కాబట్టి.

ఇరవయ్యేళ్ళుగా క్వాయరుకి అంగీలు కుట్టిన మనిషికి ఆ మాట మింగుడుపడలేదు.

"కానివ్వు" అన్నాడు. "ఆరోది పెట్టు."

ఆరు, మనది. ఏడు, వాళ్ళది. ఎనిమిది దగ్గర పిడుగు మోసం చేసింది. పాట మొదటి నుంచి కాకుండా నడుమ నుంచి పెట్టింది.

"అతుకు నడుమ నుంచి పట్టుకున్నా అతుకేనే" అన్నాడు దర్జీ. "మనది."

"అతుకేంటి?"

"అయ్యాక చెబుతాను."

"ఇప్పుడు చెప్పు. ఎలా తెలుస్తోంది నీకు?"

ఆ గొంతులో కోపం లేదు. నాలుగు రోజులుగా ఈ ఇంట్లో ఆ పిల్ల నోట వచ్చిన మొదటి కోపం లేని మాట అది. దర్జీ తల అటు తిప్పాడు, చూడబోతున్నట్టు.

"అయ్యాక."

తొమ్మిది, వాళ్ళది. గీత.

ఇంకొక్కటి. అక్క ఊపిరి గట్టిగా వదిలింది, జ్వరం దిగిన రోగి పక్కన నిలబడ్డట్టు.

"కాగితం కలం తెచ్చుకోవే, పిడుగా. ఉత్తరం నేను చెబుతాను, నువ్వు రాయి" అంది.

పిడుగు పదో పాట పెట్టింది.

మొదట ఏమీ లేదు. తర్వాత ఎక్కడో అడుగున ఒక ఆర్గన్ స్వరం. ఒక్కటే. కాలితో నొక్కి పట్టినది. అది వినపడటం కన్నా ముందు స్టూలు కాళ్ళలో తెలిసింది. దాని మీద గిటార్లు వచ్చాయి, డ్రమ్ములు వచ్చాయి, అన్నీ వచ్చాయి. ఆ స్వరం కదల్లేదు. అప్పుడు గొంతు. ఇదీ అరుపే. కానీ ఇంతకుముందు అరిచినవాళ్ళు వినేవాడి ముఖం మీద అరిచారు. వీడు ఎవరికో వెన్ను చూపిస్తూ గోడవైపు తిరిగి అరుస్తున్నట్టుంది.

వేళ్ళు ఆగిపోయాయి. చుక్కల వరస లేదు. జేబు ఎక్కడుండాలో అక్కడుంది.

"ఇంకోసారి పెట్టు" అన్నాడు.

"మిగతా తొమ్మిది పాటలకీ అడగలేదు" అంది పిడుగు.

"పెట్టు."

మళ్ళీ వచ్చింది. దర్జీ చివరిదాకా విన్నాడు. పాట అయిపోయాక కూడా కొంచెంసేపు విన్నాడు.

"వాళ్ళది" అన్నాడు.

సుద్ద చప్పుడు కాలేదు.

"ఏం? గీయవేం?"

"ఏమండీ, గంతలు తీసేయండి" అంది భార్య.

గుడ్డ తీశాడు. వెలుతురికి కళ్ళు చికిలించాడు. అక్క లేచి నిలబడి ఉంది. కాగితం మీద కుడి పక్క, అన్నిటికన్నా కింద, వేలు పెట్టి ఉంది.

"మనది" అంది. "మనదిరా మొద్దూ."

బల్ల మీద తొమ్మిది గీతలు. భార్య వాటి పక్కన సున్నా చుట్టింది. చుట్టి, సుద్దముక్క బల్ల మీద పడేసింది.

"అయినా తొమ్మిదొచ్చాయి" అంది అక్క. "పదికి తొమ్మిది. ఏ పరీక్షలో అయినా మొదటి తరగతే. ఉత్తరం రాయవే."

పిడుగు తండ్రి వైపు చూసింది. అత్తతో వాదించలేదు. తండ్రి వైపే చూసింది.

"చొక్కాకి పది గుండీలుంటే తొమ్మిది పెట్టి ఇస్తానా అక్కా? ఓడిపోయాను" అన్నాడు దర్జీ.

"నీ గుండీలు తగలెయ్య. పిల్ల పరీక్ష సంగతి మాట్లాడుతున్నానురా."

"మాట ఇచ్చాను."

"మీ మాట తగలడ" అంది భార్య. ఆమె గొంతు పెద్దది చెయ్యదు. చెయ్యకుండానే అన్నది. "ఊళ్ళో అందరి ప్యాంట్లూ అంగుళం అటూ ఇటూ సర్దుతారు. కన్నకూతురికి అర అంగుళం సర్దలేరు."

దర్జీ చేతిలోని నల్ల గుడ్డ మడత పెట్టాడు.

పిడుగు స్టూలు దగ్గరికి వచ్చింది. గెలిచినదాని ముఖంలా లేదు.

"అయ్యాక చెబుతానన్నావు. అయిపోయింది. చెప్పు."

చెప్పాడు. డ్రైవరు కోటు సంగతి, చుక్కల వరస సంగతి, జేబు సంగతి. చెబుతున్నంతసేపూ అక్క వైపు చూడలేదు. అక్క మాత్రం అతన్నే చూసింది.

"అంటే దేవుడి పాటలు పాత గుడ్డలంటావా?"

"దేవుడి సంగతి కాదక్కా. కుట్టినవాడి సంగతి. మనవి అయిదింట్లో నాలుగు అంతే. ఆరోది పర్వాలేదు."

"తొమ్మిది సరిగ్గా చెప్పింది అందుకా? మనవి బాగోలేవు కాబట్టి?"

"అవును."

"ఆ మాట కమిటీలో అను, నీ అంగీల పని కూడా పోతుంది."

"మరి పదోది?" పిడుగు మధ్యలో అడ్డొచ్చింది. "పదోది ఎందుకు వాళ్ళదనుకున్నావు?"

"అతుకు లేదు."

"అంతేనా? రెండుసార్లు విన్నావు."

దర్జీ ఆలోచించాడు. అతనికే తెలుసుకోవాలని ఉంది.

"నువ్వు వినేవాళ్ళందరూ భయపెడతారు. భయపెట్టేవాడు భయపడడు, అది వేషం. మనవాళ్ళు, ఆ అయిదుగురూ, భయం లేదు భయం లేదని చెబుతున్నారు. వీడొక్కడే భయపడుతున్నాడు. నిజంగా. దేవుణ్ణి నమ్మినవాడికి అంత భయమెందుకు అనుకున్నాను. అందుకే వాళ్ళదన్నాను."

"ఎవరికి భయపడుతున్నాడు?"

"నాకేం తెలుసు? మాటలు నీ దగ్గరున్నాయిగా."

పిడుగు ఫోను తీసింది. వేలితో పైకి తోస్తూ చదివింది. చదువుతూ మధ్యలో ఆగింది. మొదటికి వెళ్ళి మళ్ళీ చదివింది.

"నేనిది ఇవాళే పెట్టాను నాన్నా. అత్త కాగితంలో చివర ఉందని పెట్టాను. ఇంతకుముందు వినలేదు."

"ఏమంటాడు?"

"తలుపు తట్టమని నేనే నిన్ను అడిగాను అంటాడు. తీస్తానని మాటిచ్చాను. ఇప్పుడు నువ్వు మెట్లెక్కి వస్తుంటే గడియ మీద నా చెయ్యి వణుకుతోంది. ఇంతే. ఇదే మూడుసార్లు."

బయట ఒక బస్సు పోయింది.

"ఇంకోసారి పెట్టు. ఈసారి మాటలతో వింటాను" అన్నాడు దర్జీ.

"వద్దు" అంది అక్క. "నేను విన్నది చాలు. ప్రభువు ఇంటికొస్తే చేతులు వణకడమేంటి? సంతోషించాలి. అది పాటా? ఆసుపత్రిలో పిచ్చోళ్ళ వార్డులో విన్నాను అలాంటివి."

సంచిలోంచి పెన్ను తీసింది. కాగితం మోకాలి మీద పెట్టుకుని చివరి పేరు కొట్టేసింది. ఒక గీత చాలదని రెండు గీసింది.

"అత్తా, నీ కాగితమే కదా. ఇవన్నీ నువ్వు విన్నావా?"

"నేనెందుకు వింటాను? మందు రాసిన డాక్టరు మింగి చూస్తాడా?"

"నువ్వు డాక్టరువి కాదు కదా."

అక్క ముఖం చిన్నబోయింది. ముప్ఫై అయిదేళ్ళు డాక్టర్ల వెనక నడిచిన మనిషి. ఆ మాట ఎవరూ ఆమెతో అనరు. పిడుగుకీ తెలుసు. అన్నాక తెలిసింది.

"అత్తా..."

"వద్దులే." పెన్ను మూత పెట్టింది. కాగితం నాలుగు మడతలు వేసింది. లేచి తమ్ముడి ముందుకొచ్చి అరచెయ్యి చాపింది.

"ఆర్గన్ తాళంచెవి ఇలా ఇవ్వు."

"ఎందుకు?"

"ఉత్తరం తీసుకురా, లేకపోతే తాళంచెవి తీసుకురా అన్నారు కమిటీలో. ఆదివారం దాకా ఆగేది లేదని పొద్దున్నే అన్నారు. ఉత్తరంతో వెళ్దామనే ఇంతసేపు కూర్చున్నాను. మీ గానుగ తిరుగుళ్ళన్నీ చూస్తూ."

"పొద్దున్న వచ్చినప్పుడు చెప్పలేదే వదినా" అంది భార్య.

"చెబితే పిల్ల బెదిరింపనుకుంటుంది."

"ఇప్పుడేమనుకోవాలి?"

అక్క చెయ్యి దించలేదు.

ఆర్గన్ మూతకీ అంగీల బీరువాకీ కలిపి ఒకటే గుత్తి. అంగీలు చూసుకునేవాడు కాబట్టి గుత్తి దర్జీ దగ్గరే ఉంటుంది. మూతకి తాళం పడితే పిడుగు ఆదివారమే కాదు, మామూలు రోజుల్లోనూ ఆ ఆర్గన్ ముట్టుకోలేదు. పరీక్షకి ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి.

దర్జీ అక్క చెయ్యి చూశాడు. కూతురి కాళ్ళు చూశాడు. ఆమె కుడి పాదం నేల మీద ఏదో నొక్కి పట్టి ఉంది. పాట ఎప్పుడో అయిపోయింది. ఆ పాదం ఇంకా ఆ స్వరం వదల్లేదు.

"నా దగ్గర లేదు" అన్నాడు.

"ఎక్కడుంది?"

"చర్చిలో. బీరువా మీద పెట్టి మర్చిపోయాను."

మాట నోట్లోంచి వచ్చాక గది చల్లబడ్డట్టయింది. పందెంలో ఒక్కటి తప్పితే ఓడిపోయానని ఒప్పుకున్న మనిషి. అయిదు నిమిషాలు కాలేదు.

"నిజమేనా?" అంది అక్క.

"వెళ్ళి చూసుకో."

అక్క తమ్ముణ్ణి కాసేపు చూసింది. సంచి భుజానికి తగిలించుకుంది. ఎవరికీ వస్తానని చెప్పకుండా మెట్లు దిగింది. మోకాళ్ళ నొప్పి మనిషి, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి దిగింది.

చర్చి పది నిమిషాల దూరం. వెళ్ళడానికి పది, వెతకడానికి అయిదు, తిరిగి రావడానికి పది.

"మీ లోపలి జేబులో ఉంది" అంది భార్య. "పొద్దున చొక్కా ఇస్త్రీ చేసినప్పుడు నేనే తీసి, నేనే మళ్ళీ పెట్టాను."

"తెలుసు."

"మీరు అబద్ధమాడటం నేను ఎప్పుడూ చూడలేదు."

"చూశావుగా."

"ఇందాక ఆడాల్సింది. తొమ్మిది చాలని వదిన అన్నప్పుడు. అప్పుడాడితే పనికొచ్చేది. ఇప్పుడాడింది దేనికి?"

అదే అతనికీ తెలియలేదు. జేబులో చెయ్యి పెట్టాడు. గుత్తి బయటికి తీశాడు. రెండు తాళంచెవులు, పెద్దది బీరువాది, చిన్నది ఆర్గన్ మూతది.

పిడుగు చెయ్యి చాపింది.

"శనివారం వెళ్తావా?" అడిగాడు.

"వెళ్తాను. పందెం గెలిచాను."

"రంగు పూసుకునే వెళ్తావా?"

"పూసుకునే."

"ఆ తర్వాత?"

పిడుగు ఆలోచించింది. అబద్ధం చెప్పడానికి ఆలోచించినట్టు లేదు.

"తెలీదు నాన్నా. ఇవాళ ఆ కింది స్వరం ఏంటో తెలుసుకోవాలి. చెవితో దొరకడం లేదు, కాళ్ళతో వెతకాలి. మిగతాది నాకు తెలీదు."

"మీ అత్త అక్కడే ఉంటుంది."

"చర్చికి వెనక గుమ్మం ఉందిగా."

"ఒక్క మాటివ్వు" అన్నాడు. ఏం మాటో అతనికే తెలియలేదు.

"ఇవ్వను. నీ దగ్గర చూసే నేర్చుకున్నాను. ఇస్తే తప్పలేను."

గుత్తి అతని వేళ్ళలోనే ఉంది. భార్య కిటికీ దగ్గరికి వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"ఏమండీ."

"ఏంటి?"

"వదిన మలుపు దాకా వెళ్ళి నిలబడింది."

దర్జీ కిటికీలోంచి చూశాడు. అక్క వీధి మలుపులో అటు తిరిగి నిలబడి ఉంది. మాత్ర మింగానని చెప్పి నాలుక కింద దాచుకునే రోగులని ముప్ఫై అయిదేళ్ళు చూసిన మనిషి. నోరు తెరువు అని ఒక్కరోజూ గట్టిగా అనలేదట. ఊరికే రెండడుగులు వేసి వెనక్కి తిరిగేదట.

తిరిగింది.

"త్వరగా తేల్చండి" అంది భార్య.

పిడుగు చెయ్యి చాపే ఉంది. దర్జీ గుత్తిలోంచి చిన్న తాళంచెవి ఊడదీయడం మొదలుపెట్టాడు. గుండీ కన్నాలు కుట్టే వేళ్ళకి ఆ ఉంగరం లొంగలేదు. కింద మొదటి మెట్టు మీద అక్క రెండు పాదాలూ ఆనించింది. రెండో మెట్టు మీద ఆనించింది.